జనప్రియ గీతము, కావ్యత్వము: 'రబ్బర్ సోల్' ఒక పరిశీలన

అంగడి సరకుగా పుట్టిన పాట కావ్యము కాగలదా అను ప్రశ్న తెలుగు రచయితలకు క్రొత్తది కాదు. 1951లో 'మల్లీశ్వరి' చిత్రమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పాటలు వ్రాసినప్పుడును, ఆ తరువాత శ్రీశ్రీ, ఆత్రేయ, ఆరుద్ర, సి. నారాయణరెడ్డిగారలు ఆ రంగమున కృషి సాగించినప్పుడును ఈ ప్రశ్న మన సాహిత్యగోష్ఠులలో ఏదో ఒక రూపమున వినబడుచునే వచ్చినది. గడువు లోపల, కట్టిన బాణీకి, నిర్మాత కోరిన సందర్భమునకు మాటలు కూర్చుట కవిత్వము కానేరదని ఒక పక్షము వాదించినది. కవిత్వమునకు కావలసినది ప్రతిభయే కాని తీరుబాటు కాదని మరియొక పక్షము బదులు చెప్పినది. ఈ రెండు పక్షములును సామాన్యముగా పాట పుట్టిన పరిస్థితిని గూర్చి మాటాడినంతగా పాటలో జరిగిన మార్పును గూర్చి మాటాడవు. ఒక పాటకాడు, లేదా ఒక పాటకాండ్ర బృందము, నిన్నటి పాటకంటె నేటి పాటలో ఎట్లు ఎదిగినది, ఆ ఎదుగుదలను మనము దేనిని బట్టి గుర్తింపవలెను, అనునదియే అసలు ప్రశ్న.

దీనికి మంచి ఉదాహరణము మన భాషకు వెలుపల ఒకటి కలదు. 1965 డిసెంబరు 3న ఇంగ్లండులో విడుదలైన 'రబ్బర్ సోల్' అను గానసంపుటి అది. దానిని వెలువరించినవారు లివర్‌పూల్ నగరమునకు చెందిన బీటిల్స్ అను నలుగురు యువకులు: జాన్ లెన్నన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. వీరి పేరు వినని వారరుదు. కాని వీరి కీర్తిని గూర్చిన కథలు విన్నంతగా వీరి రచనలో వచ్చిన పరిణామమును మన రచయితలు పరిశీలించినట్లు కనబడదు. ఆ పరిణామమును, అందులో మనకు పనికివచ్చు అంశములను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ ప్రక్రియను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత గ్రామఫోను పలకపై ఒక ప్రక్క సుమారు 3 నిమిషముల పాట పట్టెడిది. జనప్రియ గీతమునకు 3 నిమిషములు అను కొలత ఏర్పడుటకు అదియే ముఖ్యకారణము. మన తొలి సినిమా పాటలును, లలితగీతములును ఆ కొలతకే ఒదిగినవి. అట్టి పలకలు కొన్నింటిని పుస్తకమువలె కుట్టిన సంచులలో పెట్టి అమ్మెడివారు గనుక 'ఆల్బం' అను పేరు వచ్చినది. 1948లో అమెరికాలో దీర్ఘకాల రికార్డు వెలువడిన తరువాత ఒకే పలకపై పన్నెండు పదునాలుగు పాటలు ఇముడుట సాధ్యమైనది. అయినను చాలకాలము అది విడిపాటల మూటగనే మిగిలినది. పేరొందిన పాటలు ఒకటి రెండు చేర్చి, మిగిలిన స్థలమును ఇతరుల పాటలతో నింపి అమ్ముట వ్యాపారపు మర్యాదగా నుండెడిది. మన పరిభాషలో చెప్పవలెనన్న, అది చాటుపద్యముల సంకలనమే కాని ఖండకావ్యము కాదు.

బీటిల్స్ ప్రారంభమును ఇట్లే జరిగినది. 1963లో వచ్చిన వారి తొలి సంపుటిలోని 14 పాటలలో 10 పాటలను ఆ సంవత్సరము ఫిబ్రవరి 11న, ఒక్క దినములో రికార్డు చేసినారు. అందులో 6 పాటలు ఇతరులు వ్రాసినవి. ఆ కాలపు వారి స్వంత గీతముల పేర్లను చూచినచో ఒక విశేషము కనబడును. 'లవ్ మీ డూ', 'ప్లీజ్ ప్లీజ్ మీ', 'ఫ్రమ్ మీ టు యూ', 'షీ లవ్స్ యూ', 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హాండ్' అను ఈ పేర్లన్నింటిలోను సర్వనామము తప్పక కలదు. ఇది కాకతాళీయము కాదు. వినువారు ఆ 'నీవు' తామే అనుకొనవలెనని బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటని మెకార్ట్నీయే తరువాత చెప్పినాడు. ఆ పాటలలోని 'నేను'కు ఊరు లేదు, వయసు లేదు, గతము లేదు. అతడు ప్రేమించువాడు, అంతే. అందువలననే ఆ పాటలు కోట్లమందికి అమరినవి. ఏ కొలతయు లేని చొక్కా ఎవరికైనను పట్టును గదా.

ఇట్టి చోటినుండి 'రబ్బర్ సోల్' వరకు గడచిన కాలము మూడేండ్లకు లోపే. ఈ మధ్యకాలమున వారిలో రెండు విధములైన సంస్కారములు చేరినవి. మొదటిది బాబ్ డిలన్ ప్రభావము. 1964 ఆగస్టులో న్యూయార్కులో వారు ఆయనను కలిసికొన్నారు. అమెరికా జానపద గీత సంప్రదాయమునుండి వచ్చిన ఆ యువకవి, పాటలో ప్రేమ తప్ప మరియేమియు చెప్పరాదన్న కట్టుబాటును అప్పటికే త్రోసిపుచ్చినాడు. (2016లో ఆయనకు సాహిత్యమునకు నోబెల్ బహుమానము లభించినప్పుడు పాట సాహిత్యమగునా అను పాత వాదము లోకమంతట మరల రేగినది.) రెండవది లెన్నన్ స్వంత రచనావ్యాసంగము. 1964లో అతడు 'ఇన్ హిజ్ ఓన్ రైట్' అను హాస్యరచనల చిన్న పుస్తకమును ప్రకటించినాడు. అందులో మాటలతో ఆడుకొనుట, వెక్కిరింత, బాల్యపు వాసన అన్నియు ఉన్నవి. కాని అతని పాటలలో ఆ మనిషి జాడయే లేదు. ఈ తేడాను కెనెత్ ఆల్‌సాప్ అను పత్రికారచయిత గుర్తించి, పుస్తకములో ఉన్న నీవు పాటలో ఎందుకు లేవని అతనిని ప్రశ్నించినాడు. ఒక్కొక్కప్పుడు కావ్యచరిత్రలో ఒక మంచి విమర్శకుని ప్రశ్న ఒక గ్రంథమంత పని చేయును. లెన్నన్ విషయమున అదియే జరిగినది.

1965 అక్టోబరు 12న వారు లండనులోని ఎమి సంస్థవారి ఆబీ రోడ్ స్టూడియోలో పని ప్రారంభించినారు. క్రిస్మసు బజారునకు సంపుటి అందవలెను. అందుకు కావలసినన్ని పాటలు చేతిలో లేవు. వ్రాయుట, బాణీ కట్టుట, రికార్డు చేయుట అన్నియు ఒక నెలలో ముగియవలెను. నవంబరు 11 సాయంకాలము మొదలుపెట్టిన పని మరునాటి ఉదయమున గాని పూర్తికాలేదు. మూడువారములు దాటిన వెంటనే పలక అంగడిలోనికి వచ్చినది. తీరుబాటు లేకున్న కవిత్వము పుట్టదని చెప్పువారు ఈ తేదీలను గమనింపవలెను. ఐతే గడువే కవిత్వమును పుట్టించినదనుటయు పొరపాటే. గడువు వారిచేత పని చేయించినది. అప్పటికే వారి మనసులో పండియున్న ప్రశ్న ఆ పనికి దారి చూపినది. ఈ సంపుటిలోని 14 పాటలును వారి స్వంతములే. వానిలో రెండు హారిసన్ రచనలు.

ఆ ఎదుగుదల ఎట్టిదో తెలిసికొనుటకు 'ఇన్ మై లైఫ్' అను గీతముయొక్క పుట్టుక చాలును. ఆల్‌సాప్ ప్రశ్నకు జవాబుగా లెన్నన్ మొదట ఒక దీర్ఘగీతము వ్రాసినాడు. బాల్యములో తాను నివసించిన మెన్‌లవ్ అవెన్యూ ఇంటినుండి నగరమధ్యమునకు బస్సులో పోవునప్పుడు కనబడు చోట్లన్నింటిని వరుసగా పేర్కొన్నాడు. పెన్నీ లేన్, ట్రాములు లేని ట్రాము షెడ్డు, రేవు పొడవున కూలీల తలలపై గొడుగువలె సాగి 1956లో మూతపడిన ఎత్తు రైలుమార్గము, ఇట్టివన్నియు ఆ చిత్తుప్రతిలో ఉన్నవి. వ్రాసిన తరువాత చదువుకొన్నప్పుడు అది అతనికే విసుగు పుట్టించినది. సెలవులలో చేసిన బస్సు ప్రయాణమును గూర్చి బడిపిల్లవాడు వ్రాసిన వ్యాసమువలె నున్నదని అతడు తరువాత చెప్పుకొన్నాడు. అప్పుడు అతడు చేసిన పని ఏమనగా, ఊరి పేర్లన్నింటిని కొట్టివేసి, ఆ పేర్లు తనలో కలిగించిన భావమును మాత్రము మిగిల్చుట. చోట్లు మారిపోయినవి, మనుష్యులలో కొందరు పోయినారు, కొందరు ఉన్నారు, అందరి మీదను ప్రేమ నిలిచియే యున్నది, ఐనను ఇప్పుడు ఎదుట నున్న వ్యక్తి ముందు ఆ జ్ఞాపకములు వెలవెలబోవుచున్నవి. ఇంతే దాని సారము.

ఇందులో ఒక అలంకారికుడు మెచ్చదగిన విషయము కలదు. విభావములను తగ్గించి స్థాయిని నిలుపుట సామాన్యముగా అపాయకరము. విభావములు లేనిచో రసము నిలుచుటకు ఆధారముండదు. తొలినాటి పాటలలోని 'నేను' వెలితిగా నుండుటకు కారణము అదియే. ఇక్కడ కూడ పైకి చూచినచో ఊరి పేరొక్కటియు లేదు. కాని ఆ వెలితియు ఈ వెలితియు ఒకటి కాదు. అది ఎన్నడును నింపని పాత్ర. ఇది నింపి ఒంపిన పాత్ర. ఒంపిన పాత్రకు వాసన మిగిలియుండును. కవి ఎరిగి విడిచిన వివరము, ఎరుగక వ్రాయని వివరము, ఈ రెండింటి భేదమును పాఠకుడు వివరింపలేకపోయినను పసిగట్టగలడు.

ఇంకొక విశేషము. అట్లు కొట్టివేసిన పేర్లు నశింపలేదు. 1967 ఫిబ్రవరిలో 'పెన్నీ లేన్', 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' అను రెండు పాటలు ఒకే పలకపై వెలువడినవి. రెండును లివర్‌పూల్‌లోని చోట్ల పేర్లే. మొదటిది మెకార్ట్నీ రచన, రెండవది లెన్నన్ రచన. ఒక పాటలో బరువు మోయలేని స్థలనామము మరియొక పాటలో ఆ పాటకే ప్రాణమైనది. కనుక స్థానికత ఎల్లప్పుడును గుణమనిగాని, సార్వజనీనత ఎల్లప్పుడును గుణమనిగాని సూత్రము చేయరాదు. ఔచిత్యమే నిర్ణాయకము.

'ఇన్ మై లైఫ్' నడుమ వినబడు వాద్యభాగమును సంపుటి నిర్మాతయైన జార్జ్ మార్టిన్ సమకూర్చినాడు. ఇది సంప్రదాయ సంగీతమున శిక్షణ పొందిన వ్యక్తి చేసిన పని. బాఖ్ కాలపు శైలిలో పియానో వాయించుటకు అతడు పూనుకొన్నాడు గాని, కావలసిన వేగమున చేయి సాగలేదు. టేపును సగము వేగమున నడిపి, ఒక స్థాయి క్రిందుగా వాయించి రికార్డు చేసి, మామూలు వేగమున తిరిగి వినిపించినాడు. స్వరము పై స్థాయికి చేరుటయే గాక, ధ్వని హార్ప్‌సికార్డ్ అను ప్రాచీన వాద్యమును తలపించినది. జ్ఞాపకమును గూర్చిన పాటలో పాతకాలపు వాద్యముయొక్క భ్రమ కలుగుట యాదృచ్ఛికముగా జరిగినను అర్థవంతమైనది. ఈ పాట బాణీ ఎవరిదను విషయమున మాత్రము లెన్నన్, మెకార్ట్నీల జ్ఞాపకములు ఏకీభవింపలేదు. జ్ఞాపకమును గూర్చిన గీతమునకు ఇదియు తగిన వ్యాఖ్యానమే.

ఇక రెండవ ఉదాహరణము 'నార్వీజియన్ వుడ్'. భారతీయులకు ఇది సితారు వినబడిన పాటగా పరిచితము. కాని సాహిత్యపరముగా దీని విశిష్టత వేరు. ఒక యువతి ఒక యువకుని తన గదికి పిలుచుకొని పోవును. గదిలో కూర్చొనుటకు కుర్చీ లేదు. మాటలతో రాత్రి గడచును. ఆమె ప్రొద్దున పనికి పోవలెనని చెప్పి నవ్వును. అతడు స్నానపు గదిలో పండుకొనును. తెల్లవారి లేచి చూచినప్పుడు ఆమె లేదు. అతడు నిప్పు రాజేయును. పాట అక్కడ ముగియును. ఆ నిప్పులో కాలినదేమి? చలికి పొయ్యి వెలిగించినాడా, లేక ఆమె మెచ్చుకొన్న ఆ కొయ్య సామానునే తగులబెట్టినాడా? పాట చెప్పదు. తగులబెట్టుటయే తమ ఉద్దేశమని మెకార్ట్నీ చాలకాలము తరువాత చెప్పినాడు. కాని ఆ వివరణము లేకున్నను పాటకు లోపము లేదు. ఉన్నందువలన లాభమును లేదు. వాచ్యమును దాటి వ్యంగ్యము నిలుచు చోటు అది. ధ్వనికారుడు మెచ్చు కావ్యలక్షణము, రెండు నిమిషములు దాటిన ఒక జనప్రియ గీతములో, అలంకారశాస్త్రము పేరైనను విననివాని చేత సిద్ధించినది.

ఇందు మాటాడువాడు కవి కాడు, ఒక పాత్ర. ఆ పాత్ర తన్ను తాను పూర్తిగా ఎరుగడు. అతని గర్వభంగము మనకు తెలియును గాని అతడు ఒప్పుకొనడు. క్షేత్రయ్య పదముల నెరిగిన మనకు ఈ పద్ధతి సుపరిచితము. అక్కడను మాటాడునది నాయికయే కాని కవి కాదు. ఆమె చెప్పిన దానికంటె చెప్పని దానిలోనే అభినయమునకు తావు ఎక్కువ. మూడు శతాబ్దముల నాటి మన పదకర్త సాధించిన ఈ విద్యను లివర్‌పూల్ యువకుడు తన దారిలో తాను తిరిగి కనుగొన్నాడు.

సితారు విషయమునకు వత్తము. 1965లో 'హెల్ప్' చిత్రము తీయుచున్నప్పుడు ఒక భోజనశాల దృశ్యమున భారతీయ వాద్యకారులు కూర్చుండిరి. ఆ సమయమున హారిసన్ దృష్టి సితారుపై పడినది. తరువాత అతడు లండనులో ఒక అంగడిలో చవుకైన సితారును కొన్నాడు. అక్టోబరులో ఈ పాట రికార్డు అగునాటికి అతనికి దానిపై శిక్షణ లేదు. గిటారుపై వినబడిన వరుసనే తీగపై తిరిగి పలికించినాడు. పండిత రవిశంకర్‌కు ఆ వాదనము గొప్పగా తోచలేదు. 1966 జూన్‌లో వారిద్దరికి పరిచయమైన తరువాతనే హారిసన్ శిష్యవృత్తి మొదలైనది. కనుక సంగీత విద్యగా చూచినచో ఇది ప్రాథమికము. మరి ఆ ధ్వని పాటలో ఇంత చక్కగా ఎట్లు ఇమిడినది?

కారణము స్వరస్థానములలో నున్నది. ఆ గీతపు ప్రధానభాగము కైశికి నిషాదముతో కూడినది. మన హరికాంభోజి మేళమునకు సన్నిహితము. నడిమి భాగములో అంతర గాంధారము పోయి సాధారణ గాంధారము రాగా ఖరహరప్రియ ఛాయ కలుగును. నడక తిశ్రము. ఇది భారతదేశమునుండి ఎరువు తెచ్చిన స్వరక్రమము కాదు. బ్రిటిష్ జానపద గీతములలో ఈ స్వరక్రమము ఏనాటినుండియో కలదు. అనగా అన్యదేశపు వాద్యము వచ్చి నిలిచినది తమ ఇంటి పాత బాణీ మీదనే. అలంకారముగా తెచ్చినది అవయవముగా మారుటకు రహస్యము ఇదియే. ఆ తరువాత 1966లోను, 1967లోను హారిసన్ భారతీయ పద్ధతిలో మరింత లోతుగా పాటలు కూర్చినాడు.

సంపుటి పేరులోనే ఎరువును గూర్చిన ఆత్మవిమర్శ కలదు. 'సోల్' అనగా ఆత్మ. అమెరికా నల్లజాతివారి ఒక గానశైలికి అదియే పేరు. అదే ఉచ్చారణతో చెప్పు అడుగుభాగమును కూడ 'సోల్' అందురు. తమ శైలిని అనుకరించు తెల్లవారిని గూర్చి నల్లజాతి సంగీతకారులు 'ప్లాస్టిక్ సోల్' అని ఎగతాళి చేయుట విని, ఆ మాటను తిప్పి ఈ పేరు పెట్టినట్లు మెకార్ట్నీ చెప్పినాడు. రబ్బరు ఆత్మ, రబ్బరు చెప్పు. ఇతరుల సొత్తును తాము వాడుకొనుచున్నామను ఎరుకను శ్లేషలో పెట్టి, తమను చూచి తామే నవ్వుకొనగలుగుటయు పరిణతి లక్షణమే.

మిగిలిన పాటలలోను ఈ విస్తరణము కనబడును. 'నోవేర్ మాన్' స్త్రీ పురుషుల ప్రేమతో సంబంధము లేని వారి తొలి గీతములలో ఒకటి. గంటల తరబడి పాటకై ప్రయత్నించి, విసిగి, ఏమియు రాక పండుకొన్నప్పుడు ఆ శూన్యమే వస్తువై లెన్నన్‌కు ఈ పాట తట్టినది. వాద్యములు లేకుండ మూడు కంఠములు కలిసి ఆరంభించు ఆ పాటలో, ఏ చోటునకును చెందని మనిషి మొదట 'అతడు'. పోనుపోను 'నీవు', 'నేను' కూడ అతడే యని తేలును. సర్వనామముల వ్యాపారముతో కీర్తి గడించినవారు సర్వనామముతోనే ఇట్టి తాత్త్వికార్థమును సాధించుట గమనింపదగినది. 'ద వర్డ్' అను పాటలో ప్రేమ ఒక యువతిపై కలిగిన భావము కాక, మనుష్యులందరికి వర్తించు ధర్మముగా చెప్పబడినది. 'డ్రైవ్ మై కార్' సంభాషణ రూపమున సాగు హాస్యకథ. అందులో సినిమాతార కాగోరు యువతి యువకునికి తన కారు నడుపు ఉద్యోగము ఇచ్చెదననును. చివరకు కారు ఇంకను లేదని తెలియును. స్త్రీ ఇక్కడ వర్ణనకు వస్తువు కాదు, తన కోరిక తాను చెప్పుకొను వ్యక్తి.

ఐతే ఎదుగుదల ఎన్నడును అన్ని అంగములలోను సమముగా జరుగదు. స్త్రీకి మాట ఇచ్చిన పాటతో ఆరంభమైన ఈ సంపుటి, పరపురుషునితో కనబడినచో చంపెదనని స్త్రీని బెదిరించు 'రన్ ఫర్ యువర్ లైఫ్' తో ముగియుచున్నది. ఆ బెదిరింపు ఒక పాత అమెరికా పాటనుండి ఎత్తుకొన్న మాటతో మొదలైనది. ఇందు 'నార్వీజియన్ వుడ్' లోని వ్యంగ్యము లేదు. పాత్రకును కవికిని నడుమ దూరము లేదు. లెన్నన్ తరువాతి కాలమున ఆ పాట తనకు నచ్చదని చెప్పినాడు. దీనిని సంపుటి గౌరవము కొరకు దాచవలసిన పని లేదు. పాత్రముఖమున చెప్పుట ఎంత గొప్ప సాధనమో, పాత్రపై కవికి అదుపు తప్పినప్పుడు అది ఎంతటి అపాయమో, ఒకే పలకయొక్క రెండు ప్రక్కలు మనకు చూపుచున్నవి.

ఈ సంపుటికి ఏకత్వము కలదా అను ప్రశ్న మిగిలినది. కలదనువారు ముఖ్యముగా చెప్పునది, పూరణార్థము చేర్చిన ఇతరుల పాటలు ఇందు లేవని. అంతకు నాలుగు నెలల ముందు వచ్చిన సంపుటిలో అట్టివి రెండు ఉన్నవి. అదే దినమున వేరుగా విడుదల చేసిన 'డే ట్రిప్పర్', 'వి కెన్ వర్క్ ఇట్ అవుట్' అను పాటలను ఇందు చేర్చలేదు. ముఖచిత్రముపై బృందము పేరైనను లేదు; రాబర్ట్ ఫ్రీమన్ తీసిన, కొంచెము సాగినట్లున్న నాలుగు ముఖములు మాత్రమే కలవు. కాని అమెరికాలో దీనిని ప్రకటించిన కాపిటల్ సంస్థవారు 4 పాటలు తీసివేసి, ముందటి సంపుటిలోని 2 పాటలు చేర్చి, 12 పాటలతో విడుదల చేసినారు. విచిత్రమేమనగా, ఆ మార్చిన ప్రతిని విని దాని ఏకత్వమునకు ముగ్ధుడైనవాడు బీచ్ బాయ్స్ బృందమునకు చెందిన బ్రయన్ విల్సన్. ఆ ప్రేరణతో అతడు 1966లో 'పెట్ సౌండ్స్' ను నిర్మించినాడు. అది విని బీటిల్స్ 1967లో వెలువడిన 'సార్జంట్ పెప్పర్' కు పూనుకొన్నారు. కనుక ఏకత్వము పాటల వరుసలో మాత్రమే లేదు. ఒకే ఋతువులో, ఒకే మనఃస్థితిలో, ఒకే ధ్వనిలో పుట్టిన రచనలకు సహజముగా కలుగు కుటుంబపు పోలిక అది. మన ఖండకావ్య సంపుటములలో మేలైన వానికిని ఇట్టి పోలికయే ఆధారము.

ఈ పరిశీలనము తెలుగు రచయితకు ఏమి చెప్పుచున్నది? మన సాహిత్యమున ఎరువును సొంతము చేసికొన్న ఉదాహరణములకు కొదువ లేదు. గురజాడ అప్పారావుగారు 1910 నాటి 'ముత్యాల సరాలు' లో క్రొత్త కాలపు భావములను మిశ్రగతిలో నడచు మాత్రాఛందమున నిలిపినారు. ఆ నడక తెలుగు చెవికి ముందే తెలిసినది. దాశరథిగారు 1961లో 'గాలిబ్ గీతాలు' వెలువరించినప్పుడు ఉర్దూ కవి హృదయమునకు తెలుగు పలుకుబడిలో తగిన చోటు వెదకినారు. సినీగీతములు విస్తారముగా వ్రాసిన నారాయణరెడ్డిగారికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించుట, పాటకును కావ్యమునకును నడుమ గోడ దాటరానిది కాదనుటకు నిదర్శనము.

ఈ వ్యాసము వ్రాయుచున్న గరాచర్మవంటి చోట ఈ విషయము పుస్తకచర్చ మాత్రమే కాదు. ఇది దక్షిణ అండమానులో, 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ సమీపమున నున్న ఊరు. కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడనే కలదు. 2011 జనగణనము ప్రకారము ఈ ద్వీపములలో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. వంగభాష, తమిళము, మలయాళము ఇరుగుపొరుగున వినబడును. అందరికి ఉమ్మడి వ్యవహారము హిందీ. లివర్‌పూల్ కూడ రేవు పట్టణమే. అమెరికా రేవులకు పోయివచ్చు నావికులు తెచ్చిన పలకలు అక్కడి యువకుల చెవిలో పడినవని అందురు. ఓడతో సరకులే గాక పాటలును దిగును. అట్టి చోట తెలుగు వ్రాయువానికి రెండు ప్రలోభములు కలవు. ఒకటి, చుట్టునున్న భాషల గాలి సోకకుండ పుస్తకపు తెలుగులో తలుపులు మూసికొని వ్రాయుట. రెండవది, నాలుగు హిందీ మాటలు, కొబ్బరిచెట్టు, సముద్రము, కారాగారము పేర్కొని స్థానికరచన యనుకొనుట. మొదటిదానిలో మనిషి లేడు. రెండవదానిలో బస్సుదారి మాత్రమే కలదు.

ద్వీపమునకే గాక, బళ్లారిలో, ఖరగ్‌పూరులో, మారిషస్సులో, అమెరికాలో తెలుగు వ్రాయువారికిని ఈ రెండు ప్రలోభములు తప్పవు. ఊరి పేర్లన్నియు ఒకసారి వ్రాయవలెను. వ్రాసిన తరువాత ఏ పేరు బరువు మోయుచున్నదో చూచి, మోయనిదానిని తీసి దాచుకొనవలెను. అది మరియొక రచనకు వేరు కావచ్చును. పొరుగు భాషనుండి వచ్చిన మాటనైనను, బాణీనైనను, మన భాషలో దానిని పోలిన పాత నడక ఎక్కడ కలదో వెదకి అక్కడ నాటవలెను. 'నేను' అని వ్రాసినప్పుడెల్ల ఆ 'నేను' ఎవరో, అతని కెంత తెలియునో, అతడు దాచుచున్నదేమో రచయిత ఎరిగియుండవలెను. ఈ మూడును సినిమా పాటకు వర్తించును, వచనకవితకు వర్తించును, కథకును వర్తించును.

అంగడి పాటను కావ్యముగా మార్చినది అంగడిని విడిచిపోవుట కాదు. కొలత అదియే, గడువు అదియే, కొనువారు వారే. మారినది మాటాడువాడు. అతనికి గతము వచ్చినది, సందేహము వచ్చినది, మౌనము వచ్చినది. ఏ భాషలోనైనను ఒక రచయిత ఎదిగినాడో లేదో తేల్చుకొనుటకు ఇంతకంటె నమ్మదగిన గుర్తు లేదు.